నాలుగు చెంబుల తపస్సు

ఎనభై నాలుగో సంవత్సరం వేసవిలో ఒక సోమవారం పొద్దున, గంగాధరం ఆ రోజుకు పెట్టుకున్న పనులు మూడే. పాలకేంద్రంలో పాలు పోయించుకోవడం, ఇంటికి వచ్చి ఎనిమిది ఇడ్లీలు తినడం, తొమ్మిది గంటలకు భారతం కమిటీ మీటింగులో కూర్చుని తల ఊపి రావడం. మొదటి రెండూ ఏ లోటూ లేకుండా జరిగిపోయాయి.

చౌడేపల్లె దగ్గరున్న గుట్టకిందపల్లెలో ఏటా పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం. నాటకానికి కుప్పం నుంచి మేళం వస్తుంది. వేషాలన్నీ వాళ్ళవే, తపస్సు రోజున అర్జునుడిది తప్ప. ఆ సాయంత్రం అరవై అడుగుల మాను ఎక్కి, పైన బిగించిన పలక మీద నిలబడి అరవై పద్యాలు పాడి, పిల్లల కోసం మొక్కుకుని తడిబట్టలతో మాను చుట్టూ పడుకున్న ఆడవాళ్ళకు నిమ్మకాయలు విసిరే అర్జునుడు మాత్రం గంగాధరం ఇంటివాడే కావాలి. ఇరవై ఏళ్ళు అతని నాయన ఎక్కాడు. ఆయన విసిరిన నిమ్మకాయ పట్టుకున్న మరుసటి ఏడే కోడలు, అంటే గంగాధరం భార్య ఆదిలక్ష్మమ్మకు కూతురు పుట్టింది. ఆయన తరవాత పదిహేనేళ్ళుగా గంగాధరం ఎక్కుతున్నాడు. మిగతా రోజుల్లో అతను పాలల్లో నీళ్ళు కనిపెట్టే గుమాస్తా, ఎవరికీ పెద్దగా ఇష్టం లేని మనిషి. ఆ ఒక్క సాయంత్రం మాత్రం ఊరంతా అతన్ని తలెత్తి చూసేది. ఆ సాయంత్రం కోసమే తాను మిగతా ఏడాదంతా బతుకుతున్నట్టు అతనికి అనిపించేది.

మీటింగులో కమిటీ పెద్ద నారాయణస్వామి గొంతు సవరించుకున్నాడు.

"గంగాధరా, పోయినేడు నువ్వెక్కితే మాను ఊగింది. అందరూ సూసినారు."

"గాలికి ఊగింటాది లే మామా."

"ఆ పొద్దు గాలి యాడుండాది? ఆకు కూడా కదల్లేదు. ఊగింది నీ బరువుకప్పా. కింద ఆడోళ్ళు పండుకోని ఉంటారు. ఏమన్నా అయితే జవాబు చెప్పేది ఎవురు?"

పాలకేంద్రంలో దాణా మూటలు తూచే కాటా తెప్పించి, అక్కడికక్కడే అతన్ని ఎక్కించారు. ఎనభై ఆరు కిలోలు.

"తపస్సు ఇంకా నలభై దినాలుండాది. ఆ పొద్దు నాలుగ్గంటలకు మళ్ళా తూస్తాము. ఎనభైలోపల ఉంటే నువ్వే. లేకుంటే కుప్పం మేళంలో నకులుడేసే ఆయప్ప ఉండాడే, ఈనెపుల్ల మాదిరి ఉంటాడు, ఆయప్ప ఎక్కుతాడు," అని నారాయణస్వామి తేల్చేశాడు.

గంగాధరం మరునాడే మదనపల్లెకు పోయి డాక్టరును కలిశాడు. డాక్టరు నాలుగు ముక్కలు చెప్పాడు. సంగటి సగం చెయ్యి, తీపి మానెయ్యి, రోజూ నడువు, దాహమైనప్పుడు నీళ్ళు తాగు. మొదటి మూడూ బస్సు పుంగనూరు చేరేలోపు గంగాధరం మనసులోంచి దిగిపోయాయి. నాలుగోది మాత్రం నచ్చింది. దాన్ని పట్టుకుని పుంగనూరు బస్టాండులో ఇస్మాయిల్ సోడా కొట్టు ముందు దిగాడు.

"డాక్టరు నీళ్ళు తాగమన్నాడు భాయ్. సన్నబడాల."

"ఉత్త నీళ్ళు యాల తాగేది?" అంటూ ఇస్మాయిల్ ఒక ఎర్ర సోడా గోలీ నొక్కి చేతికిచ్చాడు. "ఇది తాగప్పా. శాక్రీన్ వేసింది. తియ్యగా ఉంటాది, చక్కెర ఒక్క పలుకు కూడా ఉండదు. బెంగుళూరులో లావుగా ఉండే సేట్లంతా ఇదే తాగతాండారు."

"తాగితే తగ్గుతారా?"

"తగ్గకుంటే యాల తాగతారప్పా?"

ఇంత గట్టి రుజువు చూపించాక గంగాధరం ఇంకేమీ అడగలేదు. వారానికి రెండు పెట్టెలు పాలవ్యానులో పంపేటట్టు మాట్లాడుకుని వచ్చాడు.

ఆ మరునాటి నుంచి నిష్ఠ మొదలైంది. ఆకలైతే చెంబు నీళ్ళు, ఏమీ కాకపోయినా ఒక సోడా. పాలకేంద్రంలో బల్ల కింద సోడా పెట్టె, బల్ల పక్కన రెండు బిందెల నీళ్ళు. అయితే కడుపు నిండా నీళ్ళున్నా నోరు ఊరికే ఉండలేదు. అప్పుడు గంగాధరం ఒక ఉపాయం కనిపెట్టాడు. సోడాలో చక్కెర లేదు గనక, ఆ మిగిలిన చక్కెరకు బదులుగా రెండు ఓళిగలు తినవచ్చు. వేసవిలో ఆదిలక్ష్మమ్మ బెల్లం పూర్ణం పెట్టి, నెయ్యి వేసి ఓళిగలు కాల్చడం మామూలే. ఆ ఏడు ఆమె ఓళిగ తిరగేస్తూనే అడిగింది.

"ఏమయ్యా, సోడాలు తాగేది సన్నబడేదానికా, ఓళిగలు తినేదానికా?"

"నీకు తెలీదులే. అదీ ఇదీ సరికి సరి."

వారానికొకసారి దాణా కాటా ఎక్కేవాడు. మొదటి వారం ఎనభై ఆరు. రెండో వారం ఎనభై ఆరు. మూడో వారం ఎనభై ఏడు. ఆ పొద్దు బస్సెక్కి పుంగనూరు పోయి ఇస్మాయిల్‌ను నిలదీశాడు.

"భయపడొద్దప్పా," అన్నాడు ఇస్మాయిల్. "చింతపండు పిసకాలంటే ముందర నానాల కదా? నీ కొవ్వు ఇప్పుడు నానతాండాది. నానినాక ఒక్కసారిగా పోతాది. ఇంకో పెట్టె పంపియ్యనా?"

"రెండు పంపు," అన్నాడు గంగాధరం.

ఇంతలో పాలకేంద్రంలో వేరే కథ మొదలైంది. పాలు పోసే ఆడవాళ్ళలో చిన్నమ్మ నోరు మంచిది కాదు. ఆమె గేదె పాలకు ఒకరోజు రీడింగు తక్కువ వచ్చిందని గంగాధరం వెనక్కు పంపాడు. ఆమె క్యాను ఎత్తుకుంటూ బల్ల పక్కనున్న బిందెలను చూసింది.

"నా పాలల్లో నీళ్ళుండాయని తిప్పి పంపిస్తాండావు, సరే. పాల క్యాన్ల పక్కన నీకు రెండు బిందెల నీళ్ళు యాలప్పా?"

"తాగేదానికి."

"రెండు బిందెలా? నా ఎనుము కూడా అన్ని తాగదు!"

క్యూలో ఉన్నవాళ్ళు నవ్వారు. నవ్వి ఊరుకుని ఉంటే బాగుండేది. గంగాధరం పది నిమిషాలకొకసారి పాలకేంద్రం వెనక్కు పోయి, చేతులు కడుక్కుని, తడి చేతులతో క్యాన్ల దగ్గరికి రావడం వాళ్ళు ముందు నుంచీ చూస్తూనే ఉన్నారు. గుమాస్తా పాలల్లో నీళ్ళు కలుపుతున్నాడనే మాట పాలవ్యాను ఎక్కింది. చౌడేపల్లెలో రెండు బిందెలు నాలుగయ్యాయి. పుంగనూరులో నాలుగు బిందెలు డ్రమ్ము అయ్యాయి. మదనపల్లెలో సూపర్వైజరు చెవిన పడేసరికి, గుట్టకిందపల్లె గుమాస్తా పాలకేంద్రం లోపలే బోరు వేయించుకున్నాడని తేలింది.

సూపర్వైజరు జీపు వచ్చింది సరిగ్గా తపస్సు నాటి మధ్యాహ్నం మూడున్నరకు. సాయంత్రం పాలు పోసే ఆడవాళ్ళు తపస్సు చూడాలని ముందుగానే వచ్చి బారులు తీరి ఉన్నారు. ఆయన బోరు కోసం గది నాలుగు మూలలూ వెతికాడు. క్యాన్లలో పాలకు రీడింగు పెట్టాడు. పాలు శుభ్రంగా ఉన్నాయి. బిందెలు మాత్రం కళ్ళ ముందే ఉన్నాయి.

"ఇవెందుకు?"

"తాగేదానికి సార్. సన్నబడాలని తాగతాండాను."

సూపర్వైజరు అతన్ని తల నుంచి కాళ్ళ దాకా చూశాడు. "నువ్వా?"

వెనక నుంచి చిన్నమ్మ అందుకుంది. "అన్ని నీళ్ళు మనిషనేవాడు తాగతాడా సార్? తాగి సూపించమనండి!"

నాలుగ్గంటలకు తూకం ఉంది. కాని గంగాధరం పాలల్లో నీళ్ళు కలిపాడన్న పేరు వస్తే ఉద్యోగమే కాదు, మాను కూడా పోతుంది. అట్లాంటి మనిషి విసిరిన నిమ్మకాయ ఏ ఆడది పట్టుకుంటుంది? చెంబు ముంచాడు. మొదటి చెంబు గటగటా దిగింది. రెండోది నిదానంగా దిగింది. మూడోది సగంలో ఆగి, ఆడవాళ్ళ ముఖాలు చూసి మళ్ళీ కదిలింది. నాలుగో చెంబు అడుగు కనిపించేసరికి సూపర్వైజరు భయపడ్డాడు.

"చాలయ్యా, చాలు! నమ్మినాను!"

రిజిస్టరులో 'పాలు బాగున్నవి, గుమాస్తాకు దాహం ఎక్కువ' అని రాసి సంతకం పెట్టి, ఆయన జీపెక్కాడు. గంగాధరం పాలకేంద్రం వెనక్కు బయలుదేరాడు. నాలుగడుగులు వేశాడో లేదో, కమిటీవాళ్ళు ఎదురొచ్చి రెండు రెక్కలూ పట్టి కాటా మీద నిలబెట్టారు.

తొంభై ఒకటి.

నారాయణస్వామి కాటా మీదికి రెండుసార్లు వంగి చూశాడు. "నలభై దినాలు కష్టపడి అయిదు కిలోలు పెరిగినావా?"

"దాంట్లో నాలుగు కిలోలు నీళ్ళు మామా! ఇప్పుడే తాగినాను. అందరూ సూసినారు!"

"నీళ్ళు తీసేసినా ఎనభై ఏడు. ఆ ఎక్కువ యాడ నుంచి వచ్చింది?"

గంగాధరం ఓళిగల సంగతి ఎత్తలేదు. కమిటీ వెళ్ళిపోయింది. దూరంగా డప్పులు మోగాయి. తన పదిహేనేళ్ళ మాను మీదికి వేరే ఎవడో ఎక్కబోతున్నాడనుకునేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అతనికి ఆ రోజు ఎక్కడ చూసినా నీళ్ళే. కళ్ళు తుడుచుకుని, బారులో ఉన్న ఆడవాళ్ళ పాలన్నీ పోయించుకుని, మిగతా నీళ్ళ సంగతి చూద్దామని మళ్ళీ బయలుదేరాడు.

అంతలో నారాయణస్వామి రొప్పుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. "గంగాధరా, రారప్పా! ఆ నకులుడు ఏడు మెట్లెక్కి మానును కావిలించుకున్నాడు. పైకి పోడు, కిందికి రాడు. 'నేను నాటకమాడేదానికి వచ్చినాను, టెంకాయ చెట్టెక్కేదానికి కాదు' అని ఏడుస్తాండాడు. నలుగురు పట్టి దింపినారు. ఆడోళ్ళు తడిబట్టలతో పండుకోనుండారు!"

"నా బరువు...?"

"బరువు సంగతి దేవుడు సూసుకుంటాడు, రా!"

"మామా, ఒక్క నిమిషం..."

"నిమిషం యాడుండాది? ముహూర్తం దాటిపోతాది!"

నలుగురు కలిసి రెండు కడవల పసుపునీళ్ళు నెత్తిన గుమ్మరించారు. గంగాధరానికి ఆ నీళ్ళ చప్పుడు వినడమే గండమైంది. కావిబట్ట బిగించి, చేతికి కంకణం కట్టేశారు. కంకణం కట్టాక మాను దిగేదాకా ఆ పనికి పోకూడదు. పోతే మళ్ళీ స్నానం, మళ్ళీ పూజ, మళ్ళీ కంకణం. కడుపు చేత్తో పట్టుకుని అతను మాను దగ్గరికి నడిచాడు. మాను నాటే వడ్రంగి గంగులయ్య అక్కడే చుట్ట కాలుస్తున్నాడు.

"గంగులయ్యా, ఇది నన్ను మోస్తాదా?" అన్నాడు గంగాధరం పళ్ళు బిగబట్టి.

"యాల మొయ్యదు? నీ మాదిరోళ్ళు నలుగురెక్కినా మోస్తాది."

"మరి పోయినేడు ఊగిందే?"

"గుంత లోతు సాల్లేదప్పా. ఈతూరి రెండడుగులు ఎక్కువ తవ్విచ్చినాను. నన్నడిగుంటే ఆ పొద్దే చెప్పేవాణ్ణి కదా."

నలభై రోజులు తాగిన సోడాలూ నీళ్ళూ అన్నీ గంగాధరానికి ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ముఖ్యంగా ఆ పొద్దు తాగినవి.

ఎక్కాడు. మాను ఇసుమంత కూడా ఊగలేదు. పైనుంచి చూస్తే కింద ముప్పై మందికి పైగా ఆడవాళ్ళు, నేలకు ముఖం ఆనించి ఉన్నారు. వాళ్ళలో చిన్నమ్మ కూతురు రాజమ్మ కూడా ఉంది. ఆ పిల్ల పడుకోవడం ఇది మూడో ఏడు. పక్కన చిన్నమ్మ చేతులు జోడించి, అంత నోరూ మూసుకుని, తలెత్తి అతన్నే చూస్తోంది. ఒక్క పద్యం ఎగరగొట్టినా పాపమే అనుకున్నాడు గంగాధరం. ఎగరగొట్టకూడదని ఉంది గాని, ఎంత నిదానంగా పాడాలో ఎక్కడా లేదు.

గంటన్నర పట్టే అరవై పద్యాలు పద్దెనిమిది నిమిషాల్లో అయిపోయాయి. హార్మోనియం వాయించే మనిషి పదో పద్యం దగ్గరే చేతులెత్తేశాడు. ఇరవయ్యో పద్యానికి గంగాధరం కాలు మీద కాలు మెలివేశాడు. "ఒంటికాలి తపస్సు!" అని జనం గోవిందలు పలికారు. నలభయ్యో పద్యానికి ఒళ్ళంతా వణికింది. ముఖాన చెమట, కళ్ళు మూత. ఇంత నిష్ఠ తన జన్మలో చూడలేదని హరికథ దాసు మైకులో చెప్పాడు. చివరి పద్యం కాగానే గంగాధరం, ఏటా ఒక్కొక్కటే విసిరే నిమ్మకాయలు జోలెతో సహా కుమ్మరించేశాడు. అందరికీ తలా రెండు దొరికాయి. రాజమ్మ దోసిట్లో మూడు పడ్డాయి.

దిగుతూనే పరుగు తీశాడు. దేవుడు పూనాడని డప్పులవాళ్ళు వెంటపడ్డారు. డప్పుల వెనక కమిటీ, కమిటీ వెనక ఊరు. చింతతోపు దగ్గర గంగాధరం వెనక్కు తిరిగి రెండు చేతులూ జోడించాడు.

"మీకు దండం పెడతానప్పా! ఒక్క నిమిషం నన్ను ఒంటిగా ఇడిసిపెట్టండి!"

"స్వామి ఏకాంతమడగతాండాడు! అందరూ అట్ల తిరగండి!" అని నారాయణస్వామి అరిచాడు.

ఎనిమిది వందల మంది వెనక్కు తిరిగి, చేతులు జోడించి నిలబడ్డారు. చాలాసేపు నిలబడ్డారు. గంగాధరం చింతచెట్టు వెనక నుంచి వచ్చేసరికి ముఖంలో అంత ప్రశాంతత చూసి, నారాయణస్వామి వయసు మరిచిపోయి అతని కాళ్ళకు మొక్కాడు. ఆ గుంపులో నవ్వు ఆపుకుంటున్నది ఆదిలక్ష్మమ్మ ఒక్కతే.

మరునాడు గంగాధరం సోడాలు మానేశాడు. ఓళిగలు ఆమె మాన్పించింది. సంగటి సగమై, పొద్దున్నే చౌడేపల్లె దాకా నడక మొదలై, ఏడాది తిరిగేసరికి అతను డెబ్భై తొమ్మిది కిలోలకు దిగాడు. మరుసటి ఏడు తపస్సు నాడు, ఎవరూ పిలవకముందే పోయి కాటా మీద నిలబడి, కమిటీ కోసం చూశాడు. నారాయణస్వామి వచ్చాడు, గాని కాటా వైపు తిరిగి కూడా చూడలేదు. అతని వెనక చంకలో మూడు నెలల మగబిడ్డతో రాజమ్మ, ఆమె వెనక నిండు బిందెతో చిన్నమ్మ, ఆమె వెనక పుంగనూరు నుంచి రెండు సోడా పెట్టెలు మోయించుకొచ్చిన ఇస్మాయిల్ ఉన్నారు.

అర్జునుడు మాను ఎక్కే ముందు నాలుగు చెంబులు తాగి తీరాలని నారాయణస్వామి చేతిలోని కమిటీ పుస్తకంలో తీర్మానం రాసి ఉంది. అర్జునుడు ఎన్ని కిలోలు ఉండాలో మాత్రం రాయలేదు.