కౌసల్యమ్మ ఇంట్లో సిగ్నల్

నాచారం చరిత్రను ఇకమీదట రెండు భాగాలుగా చదువుకోవాలి. అంతరిక్షంతో సంబంధం లేని నాచారం, ఉన్న నాచారం.

ఈ మాట నాది కాదు. ఉప్పల్ చౌరస్తాలో, మెట్రో పిల్లర్ పక్కన వేసిన స్టేజీ మీద మంత్రి భూషణం గారు స్వయంగా ప్రకటించారు. పథకం పేరు గగనవాణి. ప్రతి పేద ఇంటికీ ఒక శాటిలైట్ రేడియో ఉచితం. మంత్రిగారు ఉప్పల్‌లో మాట్లాడితే ఆ మాట ముందు ఆకాశానికి ఎక్కుతుంది, అక్కడి నుంచి నాచారంలో పేదవాడి వంటింట్లో దిగుతుంది. సిటీ బస్సులో వెళ్లగలిగే మాటను ఇంత దూరం తిప్పిన నాయకుడు ఇంతకుముందు లేడు.

"ఆదివారం పొద్దున నాచారంల ఒక పేదింట్ల కూసుంటా. ఆ ఇంటామెతోని కలిసి నా ప్రసంగం నేనే వింటా!" అన్నారు. చప్పట్లు మోగాయి.

ఆ పేదిల్లు మా ఎదురిల్లే. కౌసల్యమ్మది. ఒకటే గది, పైన ఇనుప రేకులు. అప్పడాలు చేసి కిరాణా షాపులకు వేస్తుంది. గదిలో సగం ఆమె, సగం అప్పడాలు. ఫార్మా కంపెనీలో నాది సెకండ్ షిఫ్టు కాబట్టి ఈ మహత్కార్యాన్ని పొద్దుటి పూట దగ్గరుండి చూసే భాగ్యం దక్కింది.

శుక్రవారం ఇంజనీరు అచ్యుతరావు గారు రేడియో తెచ్చి గదిలో పెట్టారు. 'కుయ్' అంది. వాకిట్లో పెట్టారు. మంత్రిగారి గొంతు గంభీరంగా వచ్చింది. మళ్లీ లోపల పెట్టారు. కుయ్.

"శాటిలైట్ సిగ్నల్ రేకుల్లోంచి దిగదమ్మా. అందుకే వాటర్ ట్యాంకు మీద రిపీటర్ పెట్టాం. అది పైనుంచి సిగ్నల్ పట్టుకుని, బలం పెంచి, కిటికీల్లోంచి ఇళ్లల్లోకి పంపిస్తుంది."

"మరి పంపుతలేదేంది సారూ?"

ఆయన ట్యాంకు వైపు చూశారు. ట్యాంకు కనిపించలేదు. మంత్రిగారు కనిపించారు. నలభై అడుగుల కటౌట్, మూరెడు మీసం, నమస్కారం పెడుతున్న చేతులు. గాలికి చిరగకూడదని పార్టీ కార్యకర్త మహిపాల్ దాన్ని ఇనుప రేకుల మీద పెయింట్ చేయించాడు. అతని అభిమానం అంత మందం.

"కటౌట్ కాస్త పక్కకి జరిపితే చాలండీ," అన్నారు అచ్యుతరావు గారు.

మహిపాల్ నివ్వెరపోయాడు. "అన్నను జరుపుతవా సార్? ఎలక్షన్లల్లనే ఎవ్వడు జరపలే!"

"సిగ్నల్‌కి అడ్డం..."

"అన్న అడ్డమా? జర గదే మాట అన్న ముంగట అను."

అచ్యుతరావు గారు రిటైర్మెంటుకు దగ్గర పడ్డ మనిషి. ఆ మాట ఎవరి ముందూ అనలేదు. తల పైకెత్తి ఆలోచించారు. పైన కౌసల్యమ్మ రేకులు కనిపించాయి.

శనివారం మధ్యాహ్నానికి రేకులు దిగిపోయాయి.

"కప్పు లేకుంటే ఇది ఇల్లెట్లయితది సారూ?"

"నాలుగు గోడలు, ఒక గడప ఉంటే ఇల్లేనమ్మా. కప్పు సంగతి మా సర్క్యులర్‌లో లేదు."

"వాన పడితే? అప్పడాలు నానితే నా బతుకు నాన్తది. మల్ల ఎప్పుడెక్కిస్తరు?"

"మంత్రిగారు వెళ్లిన మరుక్షణం."

ఆదివారం మంత్రిగారు వచ్చారు. గుమ్మం దగ్గర వినయంగా వంగి లోపలికి అడుగుపెట్టారు. వెనక టీవీ కెమెరాలు. రేడియో ఖంగున మోగింది. "వాన రానీ, ఎండ రానీ! పేదల నెత్తి మీద నీడ లెక్క ఈ భూషణం ఉంటడు!"

మహిపాల్ చేతులు కట్టుకుని తల వంచాడు. అన్న మాట వినిపిస్తున్నంతసేపూ అతను తలెత్తడు. రేడియోలో అయినా సరే. అది అతని నియమం.

"సిగ్నల్ మస్తుగున్నది. గాలి, వెలుతురు గూడ మస్తుగున్నయ్," అని మెచ్చుకుంటూ మంత్రిగారు పైకి చూశారు. ఒక కాకి దాటిపోయింది. "అవునమ్మా, నీ ఇంటికి కప్పేది?"

అచ్యుతరావు గారు గోడను పరీక్షిస్తున్నారు. మహిపాలే ఆదుకున్నాడు. "గత ప్రభుత్వం జేసిన పాపం అన్నా!"

గత ప్రభుత్వంలో గృహనిర్మాణ మంత్రి భూషణం గారే. అయినా ఆయన కళ్లు చెమర్చాయి. కెమెరాలు దగ్గరికి జరిగాయి. "ఈ అమ్మకు కొత్త కప్పు సాంక్షన్ జేస్తున్న!"

కార్లు కదలగానే నేనూ ఇద్దరు పక్కింటివాళ్లూ పాత రేకు ఎత్తబోయాం.

"ఆగండి!" అచ్యుతరావు గారు అడ్డుపడ్డారు. "కప్పు లేని ఇంటికే కొత్త కప్పు. ఇన్‌స్పెక్షన్ అయ్యేదాకా పాత రేకులు ఎక్కించకూడదు. ఎక్కిస్తే మంత్రిగారి మాట అబద్ధమవుతుంది."

"ఇన్‌స్పెక్షన్ ఎప్పుడు సారూ?"

"వర్షాకాలం అయ్యాక. వానల్లో మా స్టాఫ్ తిరగలేరు."

పాత రేకులు భద్రత కోసం ఆఫీసు వ్యాన్ ఎక్కాయి. చర్లపల్లి వైపు నుంచి మబ్బు లేచింది. కౌసల్యమ్మ మబ్బును చూసింది, అప్పడాలను చూసింది. తర్వాత వాటర్ ట్యాంకు వైపు చాలాసేపు చూసింది.

"పాత రేకులే గద సారూ వద్దన్నది?"

"అవునమ్మా."

"మంచిది. పోయిరాండ్రి."

మా బస్తీలో చాలామంది ఇంజనీరింగ్ యూనిట్లలో పనిచేస్తారు. స్పానర్లకు కొరత లేదు. ఆ సాయంత్రం అందరూ ట్యాంకు వైపు వాకింగ్‌కు వెళ్లారు. ఆదివారం షిఫ్టు లేదు కాబట్టి, ఆరోగ్యం కోసం నేనూ వెళ్లాను. ప్రజల భారం మోసే నాయకుడి భుజాలు ఎంత బరువుంటాయో నాకు ఆ రోజే తెలిసింది.

సోమవారం పొద్దున అద్భుతం జరిగింది. నాచారంలో ప్రతి ఇంట్లో, ఇన్నాళ్లూ మోగడం లేదని బీరువాల్లో పడేసినవీ మంచాల కింద తోసేసినవీ సహా, గగనవాణి రేడియోలన్నీ ఒక్కసారిగా మోగాయి. ఫోన్లో విన్న అచ్యుతరావు గారు "రిపీటర్ సక్సెస్!" అని కేకవేశారు.

అదే సమయానికి మహిపాల్ గల్లీలోకి పరుగెత్తుకొచ్చాడు. "అన్న కనిపిస్తలేడు! ట్యాంకు కాడ అన్న లేడు!"

వాన అందుకుంది. అతను ఎదురుగా ఉన్న కౌసల్యమ్మ గడప దాటి లోపలికి దూరాడు. ఆమె అప్పడాలు పేరుస్తోంది. ఒక్కటీ తడవలేదు.

"అమ్మా, మా అన్న కటౌట్ ఏమన్న కానొచ్చిందా?"

"జర ఆగు బిడ్డా. మీ అన్ననే చెప్తుండు, ఇను." ఆమె రేడియో గొంతు పెంచింది.

"వాన రానీ, ఎండ రానీ! పేదల నెత్తి మీద..."

మహిపాల్ చటుక్కున చేతులు కట్టుకుని తల వంచాడు. ప్రసంగం పూర్తయ్యేదాకా అలాగే విన్నాడు. అతని నడినెత్తికి జానెడు పైన మూరెడు మీసం, చుక్క తడి లేకుండా, నవ్వుతూనే ఉంది.