మూడో మనిషి కోసం ఆగిన బస్సు

ఆ ఉదయం కళ్లజోళ్లాయన వేసుకున్న ప్లాను చాలా చిన్నది. భార్యతో కలిసి రైలెక్కాలి, దిగాలి, స్టేషన్ బయట రైలుకు అనుబంధంగా నడిచే బస్సెక్కాలి, వేళకు పెద్దాసుపత్రి గుమ్మం దగ్గర ఆవిడను దింపాలి. హెడ్ నర్సు ఉద్యోగానికి అక్కడ ఆవిడకు ఇంటర్వ్యూ. ఏళ్ల తరబడి రాత్రి డ్యూటీలు చేసి విసిగిపోయిన మనిషి. ఈ ఉద్యోగం వస్తే లోకంలో అందరిలాగే పగలు పనిచేసి రాత్రి పడుకోవచ్చు. ఇంతకుమించి ఆవిడ దేవుణ్ణి కూడా ఏమీ అడగలేదు.

అంత చిన్న ప్లానులోకి పాయింట్లు దూరాయి.

కళ్లజోళ్ల దుకాణం నడిపే ఆయనకు సన్నక్షరాలంటే ప్రాణం. రైలు కంపెనీవాళ్లు ప్రయాణానికి ఇన్నని పాయింట్లు ఇస్తామని ప్రకటించినప్పటి నుంచీ, చూపు పరీక్షకు మామూలు అక్షరాల అట్ట తీసేసి ఆ షరతుల కాగితాన్నే గోడకు తగిలించాడు. చూపు మందగించి వచ్చినవాళ్లు "రైలుతో కలిపి బుక్ చేసిన బస్సుకు రెట్టింపు పాయింట్లు" అని కూడబలుక్కుని చదివి, కొత్త అద్దాలతోపాటు కొత్త జ్ఞానం కూడా పట్టుకుని ఇంటికి పోయేవారు. అట్టడుగు వరుస మాత్రం ఇంతవరకూ ఎవరి కంటికీ ఆనలేదు. ముగ్గురు కుటుంబసభ్యులు ఒకే టికెట్టు మీద వెళ్తే మూడింతలు అని అందులో ఉంది.

వెళ్లేది ఇద్దరు. మూడో మనిషిగా ఆయన అత్తగారి పేరూ ఫోన్ నంబరూ ఎక్కించాడు. ఆవిడ ఉండే ఊరు అదే రైలు దారిలో, మధ్యలో వస్తుంది. మోకాళ్ల నొప్పులతో వీధి చివరి కొట్టుకైనా వెళ్లని మనిషి. ఆవిడ రాదు, పాయింట్లు మాత్రం వస్తాయి. భార్యకు ఈ సంగతి చెప్పలేదు. చెబితే పాయింట్ల మీద ఆవిడ అభిప్రాయం మళ్లీ మొదటినుంచీ వినాల్సి వస్తుంది.

రైలు ఏదో వంతెన దగ్గర ఆగిపోయి ఆలస్యంగా చేరింది. భార్య ప్లాట్‌ఫాం మీద పరుగులాంటి నడకతో బయటపడింది.

"బస్సు వెళ్లిపోయి ఉంటుందేమోనండీ."

"ఎలా వెళ్తుంది? రైలు లేటైతే అందులో వచ్చేవాళ్లు ఎక్కేదాకా బస్సు ఆగి తీరాలి. రూలుంది."

నిజంగానే బస్సు ఆగి ఉంది. ఊరికి దూరంగా కట్టిన ఆ స్టేషన్ బయట మరో బండి లేదు. "మీ పిచ్చి ఇన్నాళ్లకు ఒక పనికొచ్చింది" అంది భార్య, సీట్లో కూలబడుతూ. అది మెప్పేనని ఆయన నిర్ధారించుకుని కాలర్ సర్దుకున్నాడు.

ఇంతలో కండక్టరు చేతిలో మిషను చూసుకుంటూ వచ్చాడు. "మీ టికెట్టు మీద ముగ్గురున్నారు సార్. ఆ రెండో ఆవిడ ఏరి?"

భార్య మెల్లగా ఆయనవైపు తిరిగింది.

"ఏ రెండో ఆవిడ?"

"పేరు కనిపించట్లేదమ్మా. వయసు డెబ్బై రెండు."

భార్య ముఖంలో ఒక అనుమానం పోయి ఇంకోటి వచ్చింది. "మా అమ్మా? అమ్మ కూడా వస్తోందా?"

ఆయన కండక్టరు దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "ఒకవేళ... ఒకరు రాలేకపోతే?"

"కుటుంబ టికెట్టు కదా సార్. ఒక్కరు తగ్గినా మొత్తం రద్దు. దిగిపోవాలి. బస్సులో టికెట్లు ఇవ్వం. తర్వాతి బస్సు సాయంత్రం."

ఈ షరతు కూడా ఆయనకు తెలిసిందే. తెలిసి తెలిసి ముందు నుయ్యి, వెనక గొయ్యి తనే తవ్వుకున్నాడు. లేదంటే టికెట్టు పోతుంది, ఉందంటే బస్సు కదలదు.

"వస్తున్నారు" అన్నాడు. "మోకాళ్ల నొప్పులు. మెల్లగా నడుస్తారు."

భార్య కళ్లు చెమర్చాయి. "నాకు ధైర్యంగా ఉంటుందని పిలిపించారా?"

ఆయన తల అడ్డంగా ఊపబోయి నిలువుగా ఊపాడు.

అక్కడినుంచి వ్యవహారం ఆయన చెయ్యి దాటిపోయింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నట్టు ఊరుకోకుండా, ముందు సీట్లోని బట్టతలాయన పెద్దావిడకు సాయం చేస్తానని దిగాడు. ఆయన వెనక ఇంకొకాయన చక్రాల కుర్చీ కోసం పరుగెత్తాడు. స్టేషన్ మైకులో "అల్లుడితో వచ్చిన పెద్దావిడ బస్సు దగ్గరికి రావాలి" అని చెప్పించారు. అది విని ఒక పుణ్యాత్మురాలు టీకొట్టు దగ్గర నిలబడ్డ ముసలావిడను రెక్క పట్టుకుని తీసుకొచ్చింది.

"నేనెవరికీ అత్తను కాదు తల్లీ. నాకసలు పెళ్లే కాలేదు" అంది ఆ ముసలావిడ. "చెయ్యి వదిలితే నా టీ నేను తాగుతాను."

భార్య తల్లికి ఫోన్ చేసింది. మోగుతోంది గానీ ఎత్తడం లేదు. మళ్లీ చేసింది. మూడోసారికి ఆవిడ ముఖం పాలిపోయింది.

"ఎక్కడైనా పడిపోయిందేమో. నేను వెళ్లి వెతుకుతాను."

"ఇంటర్వ్యూ?"

"పోతే పోయింది. అమ్మ కంటేనా?" అని చేతిసంచి తీసుకుని మెట్టు మీద కాలు పెట్టింది.

కళ్లజోళ్లాయనకు అప్పుడు సిగ్గేసింది. పాయింట్లు పోతాయని కాదు. ఇన్నేళ్లు రాత్రుళ్లు మేలుకున్న మనిషి, తన అబద్ధాన్ని నమ్మి, ఆ ఉద్యోగాన్ని క్షణంలో వదిలేసుకుంటోంది.

"ఆగు" అన్నాడు, బస్సంతా వినేలా. "మీ అమ్మ రావట్లేదు. ఇంట్లో పడుకుని ఉంటుంది. నేను పిలవనేలేదు. మూడింతల పాయింట్లు వస్తాయని ఉత్త పేరు రాశాను."

భార్య ముఖం తిప్పేసుకుంది. తిట్టినా బాగుండేది. కండక్టరు మిషను జేబులో పెట్టుకుని, "అయితే దిగండి సార్" అన్నాడు, పాపం చాలా మర్యాదగా. ఆయన బ్యాగు భుజాన వేసుకుని ఆవిడ వెనకే గుమ్మం దాకా వచ్చాడు.

"అల్లుడుగారూ, కాస్త చెయ్యి అందించండి."

కింద చక్రాల కుర్చీలో అత్తగారు. వెనకనుంచి తోస్తూ, చెమటలు కక్కుతూ బట్టతలాయన. "చిట్టచివరి పెట్టెలో వచ్చారు. అంత దూరం ఎలా నడుస్తారు పాపం?"

"టికెట్టు వచ్చిందని ఫోన్‌లో మెసేజి చూశాను" అంది అత్తగారు, కూతురి భుజం పట్టుకుని బస్సెక్కుతూ. "మోకాళ్లు పోయాయని నన్నెవరూ ఎక్కడికీ రమ్మనడం లేదు. అడిగితే వద్దంటానని కాబోలు, మీరు అడక్కుండానే పంపారు. రాకుండా ఎలా ఉంటాను? అమ్మాయికి తెలియకూడదేమోనని నేనూ నోరు మెదపలేదు. ఫోన్ సంచి అడుగున ఎక్కడో మోగుతోంది, తీసే తీరిక లేకపోయింది."

కళ్లజోళ్లాయన బస్సులోవాళ్లవైపు చూశాడు. నిజం విన్నవాళ్లు ఇంతమంది ఉన్నారు. ఒక్కరు నోరు జారితే చాలు. టికెట్టు కాదు, అత్తగారి సంతోషమే రద్దయిపోతుంది. కిటికీ పక్కనున్నావిడ గొంతు సవరించుకుంది.

"మీరు రాలేదని మీ అల్లుడు ఎంత కంగారుపడ్డారో పెద్దమ్మా" అంది. "చూడలేకపోయాం."

మిగతావాళ్లు అవునవునన్నారు. కండక్టరు మిషను మళ్లీ బయటికి తీశాడు. "ముగ్గురు. పోనీయ్ అన్నా." బస్సు కదలగానే కళ్లజోళ్లాయన బ్యాగు ఒళ్లో పెట్టుకుని సీట్లో చేరగిలబడ్డాడు. భార్య తల్లి చెయ్యి వదలకుండానే ఆయన చెవిదగ్గరికి వంగి, "మన సంగతి ఇంటికెళ్లాక" అంది. ఆ మాటకు కూడా ఆయన ప్రాణం కుదుటపడింది. ఇంటికి కలిసే వెళ్తున్నారన్నమాట.

ఇంటర్వ్యూకు పిలిచేవేళకు ఆవిడ గుమ్మంలో ఉంది. బయటికి వచ్చేటప్పటికి హెడ్ నర్సు. అత్తగారు నలుగురిలో ఏడవడం బాగుండదని చెబుతూనే ఏడ్చింది.

సాయంత్రం తిరుగు రైల్లో మూడింతల పాయింట్లూ జమయ్యాయని మెసేజి వచ్చింది. వచ్చింది అత్తగారి ఫోనుకు. కుటుంబ టికెట్టు పాయింట్లు అందులో వయసులో పెద్దవాళ్ల ఖాతాలోకే వెళ్తాయట. వాటిని ఎలా వాడాలో ఆవిడ అల్లుణ్ణే అడిగి శ్రద్ధగా నేర్చుకుంది. తన ఊరు వచ్చి దిగేలోపే, వచ్చే ఆదివారం కూతురింటికి రావడానికి సొంతంగా టికెట్టు బుక్ చేసుకుంది.

తిరిగి వెళ్లడానికి మాత్రం పాయింట్లు చాలలేదు.