తాలు నాలుక

శనివారం ఉదయం ఏడున్నరకు ప్రత్తిపాడు శివారు మైదానంలో నాగజ్యోతి నాలుక చాపింది. కోటేష్ చూసి "తాలు" అన్నాడు. ఆమెను పరుగు వరసలోంచి పక్కకు తీశారు.

తాలు అంటే రంగు పోయిన మిరపకాయ. (మనిషికి ఆ మాట వాడటం ఈ మైదానంలోనే మొదలు.)

కళ్లాల్లో ఆరబోసిన మిర్చిని దొంగలు ఎత్తుకుపోతున్నారు. వాళ్ల వెంటపడి పట్టుకోవడానికి ఓర్పు అభివృద్ధి సంస్థ ఊరికొకరిని కాపలాకు తీసుకుంటుంది. అయిదు కిలోమీటర్ల పరుగులో ఊరి తరఫున ముందొచ్చినవాళ్లకు ఉద్యోగం. నాగజ్యోతి పత్తి తీతల నాటి నుంచి కాలవ గట్టు మీద పరుగెడుతోంది. ఆమె వయసుకు దరఖాస్తు పెట్టుకోవడానికి ఇదే ఆఖరి ఏడాది. పరుగంటూ పెడితే ఉద్యోగం తనదేనని ఆమెకు తెలుసు. ఊరికీ తెలుసు.

ఈ ఏడాది సంస్థ ఒక సర్క్యులర్ విడుదల చేసింది. పరుగుకు రెండున్నర గంటల ముందు బీట్‌రూట్ రసం తాగితే అందులోని నైట్రేట్ వల్ల ఆయాసం తగ్గే అవకాశం ఉందని మొదటి పేరాలో రాశారు. అది ఎక్కడో పరిశోధన చేసినవాళ్లు తేల్చిన సంగతి. మిగతా పేరాలు సంస్థ సొంతం. వాటిలో రెండోది ఇలా ఉంది: "అభ్యర్థులు ఓర్పును ఇంటి నుంచి తెచ్చుకోరాదు. సంస్థే సరఫరా చేస్తుంది."

సరఫరా చేసిన రసాన్ని అభ్యర్థి తాగాడో పారబోశాడో ఎలా తెలుస్తుందన్న ప్రశ్న వచ్చింది. సంయుక్త ఓర్పు అధికారి శేషాచలం గారు నాలుక చూస్తే తెలుస్తుందన్నారు. ఎరుపును తూకం వేసినట్టు చెప్పగలిగేవాళ్లు ఎవరని వెతికారు. ఈ చుట్టుపక్కల ఆ పని వచ్చింది మిర్చి గ్రేడు కట్టేవాళ్లకే. అలా మిర్చి యార్డు నుంచి కోటేష్‌ను డిప్యుటేషన్ మీద పిలిపించారు.

కోటేష్ తనకు తెలిసిన పద్ధతిలోనే పని మొదలుపెట్టాడు. డీలక్స్, బెస్ట్, మీడియం, తాలు. నీడలో రంగు తేలదు కాబట్టి అభ్యర్థులను ఎండకు ఎదురుగా నిలబెట్టాడు. తడి సరుకుకు గ్రేడు కట్టడం యార్డులో ఆనవాయితీ కాదు కాబట్టి నాలుకలు ఆరేదాకా చాపి ఉంచమన్నాడు. (ఇద్దరు కళ్లు తిరిగి పడిపోయారు. వాళ్లను తేమ ఎక్కువైన సరుకు కింద రాసుకున్నారు.)

నాగజ్యోతి సర్క్యులర్ చెప్పినట్టు తెల్లవారుజామున అయిదింటికే రసం తాగింది. ఏడున్నరకు రసం ఒంట్లోకి చేరింది. రంగు నాలుక మీద లేదు.

పక్క ఊరి నుంచి వచ్చిన కౌసర్‌కు బెస్ట్ వచ్చింది.

"ఏమే జ్యోతీ, నిజంగా అయిదింటికే తాగేశావా?"

"తాగమన్నారుగా."

"పిచ్చి మొద్దూ! నేను సీసాలో పోసుకుని వరసలోకొచ్చాక తాగా. ఇదిగో, చూడు."

కౌసర్ నాలుక చాపింది. ఎర్రగానే ఉంది.

"ఇప్పుడు తాగితే అది పని చేసేది పరుగు అయిపోయాకగా?" అంది నాగజ్యోతి.

"పనెవడిక్కావాలే? రంగు కావాలి."

నాగజ్యోతి శేషాచలం గారి టెంటు దగ్గరకు వెళ్లింది.

"సార్, నేను అయిదింటికే తాగానండి. మీ మనిషే గ్లాసులో పోశాడండి."

"నీ నాలుక అలా చెప్పడం లేదమ్మా."

"ఒక్కసారి పరిగెత్తనివ్వండి సార్. తెలిసిపోద్ది కదండీ."

"పరుగు పెట్టేది బీట్‌రూట్ పనితనం చూడటానికి. నీలో బీట్‌రూట్ ఉన్నట్టు రుజువు లేదు. తీరా నువ్వు ముందొచ్చావనుకో, ఆ ఓర్పు ఎవరి ఖాతాలో రాయాలి?"

"నా ఖాతాలో రాయండి."

"అలాంటి ఖాతా లేదు."

ఆమెను మోపెడ్ మీద తీసుకొచ్చిన తాత బుల్లయ్య అప్పటిదాకా బండి దగ్గరే కూర్చుని ఉన్నాడు. మనవరాలు టెంటు ముందు నిలబడి ఉండటం చూసి లేచి వచ్చాడు. దారిలో కోటేష్ ఎదురయ్యాడు.

"ఏరా కోటేషూ, మా పిల్లని పక్కన నిలబెట్టావంటగా!" అని నోరు తెరిచాడు.

కోటేష్ అలవాటుగా ముసలాయన గడ్డం పట్టుకుని ముఖం ఎండ వైపు తిప్పాడు. "డీలక్స్!" అని కేక వేశాడు. గుమాస్తా రాసుకున్నాడు.

"ఒరేయ్, నేను మీ నాన్న ఈడు వాణ్ణిరా! ఇది ఆకూ వక్కరా!"

"తెలుసు బాబాయ్. రంగు చూడమన్నారు, చూశా. ఏం సరుకో అడగమన్లేదు."

యార్డులో డీలక్స్ అన్న బస్తాను మళ్లీ విప్పరు. కోటేష్ వెంట ఆ ఆనవాయితీ కూడా మైదానానికి వచ్చింది. డీలక్స్ నాలుకకు పరుగు అక్కర్లేదు, వయసూ అడగరు. బుల్లయ్య చొక్కాకు నంబరు గుచ్చి, ప్రత్తిపాడు పోస్టు భర్తీ అయిందని మైకులో చెప్పారు.

"నాకెందుకండీ ఈ ఉద్యోగం? మోకాళ్లు వంగవు. మా మనవరాలికివ్వండి," అన్నాడు బుల్లయ్య శేషాచలం గారితో.

"నాలుక బదలాయింపు కుదరదండి. మీరు వద్దంటే ఊరికిచ్చిన పోస్టు రద్దవుతుంది. మళ్లీ ఎప్పుడిస్తారో చెప్పలేం."

బుల్లయ్య నంబరు పీకి చేతిలో పట్టుకున్నాడు. పారెయ్యలేదు.

మిగతా ఊళ్లవాళ్లకు విజిల్ ఊదారు. నాగజ్యోతి ముగ్గు గీతకు అవతలి పక్కన, నంబరు లేకుండా పరిగెత్తింది. అందరికన్నా ముందొచ్చింది. కౌసర్ వచ్చేసరికి ఆమె చెప్పులు వేసుకుంటోంది.

సంస్థ నివేదికలో ఆ సంగతి దాచలేదు. "గుర్తింపు లేని ఓర్పు ఒకటి ముందుగా గమ్యం చేరింది" అని రాశారు. తర్వాత నాగజ్యోతికి నోటీసు వచ్చింది. అంత వేగానికి ఏ పదార్థం వాడిందో సంజాయిషీ ఇవ్వాలని అందులో ఉంది. ఆమె "బీట్‌రూట్. మీరు పోసిందే" అని రాసి పంపింది. "రంగు లేదు" అన్న ముద్రతో అది తిరిగొచ్చింది.

సోమవారం బుల్లయ్య కళ్లం కాపలాలో చేరాడు. నాగజ్యోతి అతన్ని మోపెడ్ మీద దింపి వెళ్లింది.