తొంభై మూడోసారి ఆగిన చక్రం

పెళ్లయి ఇరవై తొమ్మిది రోజులైన ఆ ఇంజనీరు పొద్దున్నే చక్కటి పథకం వేసుకున్నాడు. నాలుగింటికి చక్రాల ఫ్యాక్టరీ వాళ్ల ముందు తన లెక్క చూపించి శభాష్ అనిపించుకోవాలి. ఐదింటికి భార్యతో వెళ్లి కర్టెన్లు కొనాలి. బూడిద రంగువా, లేత పచ్చవా అని ఇద్దరూ ఒకే కప్పులో కాఫీ తాగుతూ అరగంట కొట్టుకున్నారు. అంత హాయైన కొట్లాట అతను పుట్టి బుద్ధెరిగాక ఎరగడు.

ఇద్దరిదీ ఒకే ఆఫీసు. కంప్యూటర్లో ఉక్కు చక్రాన్ని ఉక్కు రైలు పట్టా మీద దొర్లించడం అతని పని. దొర్లిన ప్రతిసారీ పట్టా పై పొర కంటికి ఆననంత ముందుకు సాగుతుంది, మళ్లీ వెనక్కి రాదు. పట్టాను వేల గళ్లుగా విడగొట్టి, చక్రాన్ని వందసార్లు దొర్లించి, ఏ గడి ఎంత సాగిందో తేల్చాలి. ఆ లెక్కలు నడిచే సర్వర్ గది భార్య చేతిలో ఉంది. ఎవరి లెక్క, అంటే వాళ్ల మాటలో ఎవరి రన్, ముందు, ఎవరిది వెనక అన్నది చూసేది ఆవిడే.

"ఇంకేం, నీ చక్రానికి అడ్డేముంది పెళ్లికొడుకా!" అని ఆఫీసంతా ఏడిపించేది.

ఆ రోజు సీట్లో కూర్చోగానే వరస చూసుకున్నాడు. ముందురోజు సాయంత్రం పెట్టిన తన రన్ లేదు. వరస మొదట్లో మాత్రం అదే ఆఫీసులో పనిచేసే గిరజాలాయన పేరు అరవై నాలుగు ప్రాసెసర్లతో వెలిగిపోతోంది. ఉంగరాల జుట్టు, నవ్వితే సొట్టబుగ్గ, పైగా బ్రహ్మచారి.

ఇంజనీరు సర్వర్ గదికి పరుగెత్తాడు. గుమ్మంలో ఆవిడా, గిరజాలాయనా పకపకా నవ్వుకుంటున్నారు. ఇతన్ని చూడగానే ఇద్దరూ నోళ్లు మూసుకున్నారు.

"నా రన్ ఏది?"

"నడుస్తోంది లెండి. వెళ్లి కాఫీ తాగిరండి."

"వరసలో నా పేరే లేదుగా!"

"అబ్బ, నా మీద నమ్మకం లేదా? వెళ్లండి," అంటూ ఆవిడ తలుపు వేసేసింది. గిరజాలాయన లోపలే ఉండిపోయాడు.

కాఫీ కషాయంలా దిగింది. ఇంట్లో కప్పు పంచుకున్న మనిషి ఆఫీసులో మెషీన్లన్నీ ఆ సొట్టబుగ్గకి పంచిపెట్టింది! రెండో కప్పు అయ్యేసరికి ఆ నవ్వులు నెల్లాళ్లుగా సాగుతున్నాయని లెక్క కట్టాడు. మూడో కప్పుకి, పెళ్లిలో గిరజాలాయన ఇచ్చిన గోడగడియారం కూడా అనుమానంగా కనబడింది. లేచి నేరుగా పెద్దసారు గదికి వెళ్లాడు.

"అనుమతి లేకుండా అరవై నాలుగు ప్రాసెసర్లు వాడేస్తున్నారండీ. నేనెవరి పేరూ చెప్పను. వరస మొదట్లోనే ఉంది, మీరే చూడండి."

నియమాలంటే ప్రాణం పెట్టే పెద్దసారు గిరజాలాయన్ని పిలిపించాడు.

"ఈ రన్ నీదేనా?"

గిరజాలాయన నీళ్లు నమిలాడు. "నాది కాదండీ... అంటే, నాదే అనుకోండి."

"అనుకోవడమేంటయ్యా? అనుమతి కాగితం ఉందా?"

"లేదండీ. కానీ సాయంత్రం దాకా ఆపకండి, పుణ్యముంటుంది!"

ఆ బతిమాలడంతో పెద్దసారుకి అనుమానం గట్టిపడింది. తన పాస్‌వర్డ్ కొట్టాడు కానీ, రన్ ఎలా ఆపాలో ఆయనకి తెలీదు. "నువ్వే ఆపవయ్యా," అన్నాడు ఇంజనీరుతో. పెళ్లిపీటల మీద కూడా అంత సంతోషంగా తల ఊపలేదు అతను. ఠక్కున నొక్కాడు.

అర నిమిషంలో ఆవిడ రొప్పుతూ వచ్చింది. "ఎవరు ఆపారు? తొంభై మూడో దొర్లు దాకా వచ్చింది!"

"తొంభై మూడా? దొర్లించే లెక్క నాది కదా?"

"మీదేనండీ బాబూ! నిన్న గళ్లు మరీ సన్నవి చేసి మెషీను వాడుకోడానికి మీకిచ్చిన కోటా అంతా ఊదేశారు. మెషీను మీ రన్ బయటికి నెట్టింది. చెబితే బెంగతో తిండి మానేస్తారని, ఈయన్ని బతిమాలి ఈయన లాగిన్‌లో పెట్టించాను. పూర్తయ్యాక చెప్పి ఆశ్చర్యపరుద్దామని!"

ఇంజనీరుకి ఆశ్చర్యం వెంటనే అందింది.

మళ్లీ నడిపే టైము లేదు, మిగిలిన దారి ఒక్కటే. మెషీను పది దొర్లులకోసారి ఫలితం దాస్తుంది కాబట్టి తొంభై దాకా ఉంది. కానీ ఆ ఫైళ్లు తెరవగలిగింది గిరజాలాయన ఒక్కడే. ఇంజనీరు ఆయన వైపు తిరిగి, "అన్నా..." అన్నాడు. ఆ పిలుపు బయటికి రావడానికి చాలా కష్టపడింది.

నాలుగింటికి గిరజాలాయన తెర మీద బొమ్మలు తిప్పుతుంటే ఇంజనీరు వివరించాడు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పెద్దావిడ కళ్లద్దాలు సర్దుకుంది. "వంద అన్నారు, తొంభైకే ఆపారేం?"

గిరజాలాయనే అందుకున్నాడు. "ఎనభై దాటాక పొర ఇంక సాగట్లేదండీ, చూడండి. మిగతా పదీ దండగ."

"భేష్! సమయానికి ఆపాలన్న తెలివి ఎవరిది?"

"నాదే," అన్నాడు పెద్దసారు.

పెద్దావిడ మురిసిపోయి, మూడు వారాలు ఫ్యాక్టరీలోనే ఉండి పని చేయమని ఇంజనీరుకీ గిరజాలాయనకీ అప్పటికప్పుడే పిలుపు ఇచ్చింది. ఇద్దరూ భుజాల మీద చేతులేసుకుని, పడీపడీ నవ్వుతూ బయటికొచ్చారు. గుమ్మం దగ్గర ఆవిడ నిలబడి ఉంది.

"మూడు వారాలా? ఇద్దరూ ఒకే గదిలోనా?"

"అవును! ఈయన ఎంత సరదా మనిషో తెలుసా?" అన్నాడు ఇంజనీరు.

కర్టెన్ల కొట్టులో ఆవిడ ఏ రంగూ బాగాలేదంది. అసూయ ఆ రోజు మనిషిని మార్చుకుంది కానీ, సెలవు మాత్రం తీసుకోలేదు.