ఫ్రిజ్ దిగింది, పిల్ల ఎదిగింది

సాయంత్రమయ్యేసరికి ఎక్కడికి పరిగెడుతున్నావని అడిగారు కాబట్టి చెబుతున్నా, మధ్యలో నవ్వితే మాత్రం ఆపేస్తాను. చివర్లో నవ్వుకోండి. అప్పటికి మిమ్మల్ని ఆపే మొహం నాకెలాగూ ఉండదు.

నేను ఫ్రిజ్‌లు బాగుచేస్తాననీ, మా ఆవిడ వీధి చివర కుట్టు షాపు నడుపుతుందనీ మీకు తెలిసిందే. ఆవిడకి సూది లేకపోతే పొద్దుపోదు. నాకు సూది కనబడితే ప్రాణం పోతుంది. చొక్కా గుండీ ఊడితే ఆవిడ నా ఒంటి మీదే కుట్టబోతుంది, నేను బల్లిలా గోడకి కరుచుకుపోతాను.

మాకు ఒక్కతే కూతురు. ఇంట్లో 'మిరియం' అంటాం. మనిషి ఇంత, నోరు అంత. ఈడు పిల్లల్లా ఎదగడం లేదేమిటని తీసుకెళ్తే, డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి, ఎదగడానికి కావలసిన హార్మోను దాని ఒంట్లో సరిగ్గా తయారవడం లేదని తేల్చింది. రోజూ సాయంత్రం ఒక ఇంజెక్షను. పెన్నులా ఉంటుంది. దాన్ని ఫ్రిజ్‌లోనే ఉంచాలి, ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకూడదు, గడ్డకట్టిందంటే ఇక పారెయ్యడమే.

"ఫ్రిజ్ సంగతి నాకొదిలెయ్యండి మేడమ్, అది నా డ్యూటీ" అన్నాను గుండెల మీద చెయ్యేసుకుని.

"మరి సూది?" అంది డాక్టరమ్మ.

నేను మెల్లిగా మా ఆవిడ వెనక్కి జరిగాను. క్లినిక్‌లో నర్సమ్మ ఇద్దరికీ నేర్పించింది లెండి. మా ఆవిడ కళ్ళు విప్పుకుని నేర్చుకుంది, నేను కళ్ళు మూసుకుని నేర్చుకున్నాను. అలా పని పంచుకున్నాం. సూది ఆవిడది, స్పానర్ నాది.

మిరియం ఎత్తు చూడ్డానికి ఫ్రిజ్ పక్కనే నిలబెట్టి, తల మీద స్కేలు ఆనించి, దాని ఒంటి మీద మార్కర్‌తో ఒక గీత గీశాను. ఫ్రిజ్ ఒంటి మీద, పిల్ల ఒంటి మీద కాదు. అదే నేను చేసిన మొదటి తెలివితక్కువ పని. రోజూ స్కూలు నుంచి రాగానే బ్యాగు విసిరేసి ఆ గీత దగ్గర నిలబడేది. తలా అక్కడే, గీతా అక్కడే.

ఒకరోజు సాయంత్రం చేతులు కట్టుకుని చెప్పేసింది. "నేను ఎదగట్లేదు. ఎదగనప్పుడు సూదెందుకు? నాకొద్దు."

"మొక్కకి నీళ్ళు పోసి, మర్నాడే పీకి వేళ్ళు చూస్తామా?" అంది మా ఆవిడ.

"నేను మొక్కని కాను. నాకు నొప్పి పుడుతుంది."

ఆ రోజు ఏడిచి ఏడిచి వేయించుకుంది. మందు మధ్యలో మానేస్తే ఎదుగుదల మళ్ళీ కుంటుపడుతుందని డాక్టరమ్మ చెప్పింది నాకు గుర్తుంది. పిల్ల ఎదగడం నా చేతుల్లో లేదు. కానీ ఫ్రిజ్ నా చేతుల్లో ఉంది కదా!

మా ఫ్రిజ్ కింద ఇనుప స్టాండు ఉంది. దానికి నాలుగు కాళ్ళు, కాలికో స్క్రూ. బిగిస్తే ఫ్రిజ్ లేస్తుంది, వదులు చేస్తే దిగుతుంది. మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు నాలుగు కాళ్ళూ తలా కాస్త దించాను. ఫ్రిజ్ దిగింది, గీత దిగింది.

సాయంత్రం మిరియం తల గీత దాటింది.

ఆ కేక మీరు వినలేదు గానీ, మా పక్కింటి రేడియో పిన్ని విని పరిగెత్తుకొచ్చింది. ఆవిడ చెవిలో మాట పడితే వీధంతా వార్తలే. "అమ్మాయి ఎదిగిందహో!" అని చాటింపు వేసేసింది. ఆ సాయంత్రం మిరియం తనే పెన్ను పట్టుకొచ్చి వాళ్ళమ్మ చేతిలో పెట్టింది.

అక్కడితో ఆగితే నేను మనిషిని. పిల్ల మొహంలో ఆ వెలుగు చూశాక ఆగలేకపోయాను. మర్నాడు ఇంకాస్త. ఆ మర్నాడు మరికాస్త. మా ఫ్రిజ్ సిగ్గుపడుతున్న కొత్త పెళ్ళికూతురిలా రోజురోజుకీ కుంగిపోతోంది.

మా ఆవిడ ఒక పూట టీ కప్పు నా ముందు పెట్టి, "ఏమండీ, ఒకటి గమనించారా? నేను కూడా ఎదుగుతున్నాను" అంది.

"ఆఁ?"

"ఫ్రిజ్ మీద బిస్కెట్ డబ్బా ఇన్నాళ్ళూ మునివేళ్ళ మీద లేస్తే గానీ అందేది కాదు. ఇవాళ మామూలుగా నిలబడే తీశాను."

"కొత్త చెప్పులేమో."

"వంటింట్లో చెప్పులేమిటండీ?"

"అయితే బలమైన తిండి తింటున్నావన్నమాట."

"వండేది నేనే కదా, నాకు తెలీదూ!" అని లోపలికి వెళ్ళిపోయింది. గండం గడిచిందనుకుని నేను టీ తాగాను. ఎంత అమాయకుణ్ణో చూడండి.

అసలు గండం ఆ వారం చివర్న వచ్చింది. మిరియం గీత దగ్గర నిలబడి, నడుం మీద చెయ్యేసుకుని, "ఇక చాలు. కావలసినంత ఎదిగేశాను. రేపట్నుంచి సూది మానేద్దాం" అంది.

నా నోట్లో బిస్కెట్టు నోట్లోనే ఉండిపోయింది. ఏ సూది మానకూడదని ఇదంతా చేశానో, ఆ సూదికే ఎసరు పెట్టాను.

"మానాలో వద్దో డాక్టరమ్మ చెబుతుంది. మనం డోసు పెంచేదీ లేదు, తగ్గించేదీ లేదు, మానేదీ లేదు" అంది మా ఆవిడ, నా వంక చూస్తూ. పిల్లకి చెబుతూ నన్నెందుకు చూస్తుందో అప్పుడు అర్థం కాలేదు.

ఇప్పుడేం చెయ్యాలి? ఎదిగిన పిల్లని మళ్ళీ తగ్గించాలి! మర్నాడు మధ్యాహ్నం ఫ్రిజ్ కింద దూరి, ఒక కాలు పైకి బిగించాను. రెండో కాలు మొదలుపెట్టబోతే ఫోను. ఐస్‌క్రీం షాపులో ఫ్రీజరు ఆగిపోయిందట, సరుకంతా కారిపోతోందట. స్పానర్ ఫ్రిజ్ మీద పడేసి పరిగెత్తాను.

సాయంత్రం తిరిగొస్తుంటే వీధిలో అందరూ అదోలా పలకరిస్తున్నారు. "మీ ఫ్రిజ్‌కి కాలు నొప్పి తగ్గిందా?" అన్నాడు ఇస్త్రీ అతను. పిచ్చివాడనుకుని నవ్వి ఊరుకున్నాను.

ఇంట్లోకి వచ్చి చూస్తే ఫ్రిజ్ ఒక పక్కకి ఒరిగి ఉంది. తలుపు బార్లా తెరుచుకుని ఉంది. లోపల లైటు వెలుగుతోంది. పాలు వెచ్చగా ఉన్నాయి.

పెన్ను! ఎప్పట్నుంచి తలుపు తెరిచి ఉందో ఏమో! మందు డబ్బా తీసి, గబగబా చల్లబడుతుందని ఫ్రీజర్ తలుపు మీద చెయ్యి వేశాను. అంతలో బుద్ధి వచ్చి, నర్సమ్మకి ఫోను చేశాను.

"పెన్ను వెచ్చబడిందేమోనండీ, ఏం చెయ్యమంటారు?"

"ముందు దాన్ని వాడకుండా పక్కన పెట్టండి. ఫ్రీజర్‌లో పెడదామనుకుంటే మాత్రం ఆ ఆలోచన మానుకోండి."

నేను ఫ్రీజర్ మీంచి చెయ్యి తీసేశాను.

"ఎంతసేపు బయటి వేడి తగిలింది?"

"తెలీదండీ. తలుపు దానంతటదే తెరుచుకుంది."

"ఎలా తెరుచుకుంటుందండీ?"

ఇక దాచి ఏం లాభం? గీత, స్టాండు, స్క్రూలు, ఎదిగిన పిల్ల, ఎదిగిన పెళ్ళాం, అన్నీ ఏకరువు పెట్టాను. నర్సమ్మ గొంతు సవరించుకుని, "ఈ గీత చూసి డోసేమైనా మార్చారా?" అంది.

"అమ్మతోడు, లేదండీ!"

"బతికించారు. పాప ఎత్తు ఇక్కడ మేం కొలుస్తాం, ఫ్రిజ్‌తో కొలవక్కర్లేదు. సరే, డబ్బా తెరవండి. మందు ఎలా ఉందో చూసి చెప్పండి."

తెరిచాను. చూశాను. మళ్ళీ చూశాను.

"ఎలా ఉందండీ?"

"స్పానర్‌లా ఉందండీ."

వెనకాల కిసుక్కుమని నవ్వు. తిరిగి చూస్తే గుమ్మంలో మా ఆవిడ, పక్కనే మిరియం, ఆ వెనక రేడియో పిన్ని.

"మధ్యాహ్నం భోజనానికొస్తే ఫ్రిజ్ కుంటుతోంది" అంది మా ఆవిడ. "తలుపు నిలవదని తెలిసి, పెన్ను పిన్ని ఫ్రిజ్‌లో పెట్టించి, ఆ డబ్బాలో మీ స్పానర్ పెట్టాను. చల్లగా ఉంది మందు, మీరు చల్లబడండి."

ఇస్త్రీ అతనికి ఎలా తెలిసిందో అప్పుడు తెలిసింది. నర్సమ్మకి మందు భద్రంగా ఉందని చెప్పి ఫోను పెట్టేశాను.

కానీ మిరియం నవ్వడం లేదు. ఫ్రిజ్ మీది గీతనే చూస్తోంది. "అంటే నేను ఎదగలేదన్నమాట" అంది చిన్నగా.

"తప్పయిపోయిందే తల్లీ. నువ్వు ఏడుస్తుంటే చూడలేక ఈ పని చేశాను" అన్నాను.

మా ఆవిడ కింద కూర్చుని, పిల్ల స్కర్టు అంచు పట్టుకుంది. "ఇదేమిటి?"

"గీత."

"పాత మడత. మొన్న విప్పి, కిందికి దించి కుట్టాను. ఎందుకు?"

"పొట్టిదైపోయిందని."

"స్కర్టు పొట్టిదవుతుందా ఎక్కడైనా?"

మిరియం ఆలోచించింది. పాత మడత మీద వేలు పెట్టి, కొత్త అంచు దాకా జరిపింది. వేలెడు కూడా లేదు. "ఇంతేనా?"

"ఇంతే. మీ నాన్న ఇచ్చింది కాదు, నువ్వు ఎదిగింది. దీనికి కాళ్ళూ లేవు, స్క్రూలూ లేవు."

పిల్ల మొహం మెల్లమెల్లగా విప్పారింది. ఫ్రిజ్ మీది గీత దగ్గర వెలిగినదానికన్నా ఈ వెలుగు చిన్నది. కానీ దీన్ని చూస్తుంటే నాకు భయం వెయ్యలేదు.

"సరే, వేయించుకుంటా" అంది. "కానీ నాన్నే వెయ్యాలి."

"నేనా? నేను ఫ్రిజ్ డిపార్ట్‌మెంటమ్మా!"

"ఆ డిపార్ట్‌మెంటు మూసేశాం" అంది మా ఆవిడ.

పిన్ని పెన్ను తెచ్చిచ్చింది. నా చేతులు కడిగించారు. కొత్త సూది పెట్టించారు. డోసు నేను తిప్పాను, మా ఆవిడ సరిచూసింది. "నిన్న ఈ తొడ, ఇవాళ ఆ తొడ" అని చోటు మిరియమే చూపించింది. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

"నాన్నా, కళ్ళు తెరువు. గుచ్చేది నాకు, నీకు కాదు."

తెరిచాను. గుచ్చాను. నొక్కి, నర్సమ్మ చెప్పినంతసేపూ కదలకుండా పట్టుకున్నాను. వాడిన సూదిని గట్టి మూత ఉన్న డబ్బాలో పడేసి, అక్కడే నేల మీద కూలబడ్డాను. మిరియం నా తల నిమురుతూ, "బాగా నొప్పి పుట్టిందా నాన్నా?" అంది.

తర్వాత ఫ్రిజ్ కాళ్ళు సరిచేద్దామని స్పానర్ అందుకున్నాను. ఎత్తు పెంచబోతుంటే, "పైకి కాదు, కిందికే సమం చెయ్యండి. బిస్కెట్ డబ్బాకి నాకు ఈ ఎత్తే బాగుంది" అంది మా ఆవిడ. సమం చేసి, తలుపు సరిగ్గా పడుతోందో లేదో చూసి, నిలబడ్డాను. మిరియం తడిగుడ్డతో ఆ గీతని తుడిచేసింది. మా ఆవిడ చెయ్యి చాపింది. మారుమాట్లాడకుండా స్పానర్ ఆవిడ చేతిలో పెట్టాను. కత్తెర పక్కన పెట్టి కుట్టుపెట్టెకి తాళం వేసింది.

అదండీ సంగతి. సాయంత్రమయ్యేసరికి నేను ఎక్కడికి పరిగెడుతున్నానని కదా మీరు అడిగారు? ఇంటికి. ఇప్పుడు మా ఇంట్లో సూది నాది, స్పానర్ ఆవిడది.