రాగిగాడి తలంటు

ఆదివారం ఉదయం అల్లుడి పథకం చిన్నదే. ప్రయాణం ముగించుకుని మామగారు మధ్యాహ్నానికి వస్తారు. ఆయన వదిలివెళ్లిన రాగిగాడికి ఆలోగా శుభ్రంగా తలంటి, తళతళలాడించి అప్పజెప్పాలి. ఒంటి రంగు చూసి మామగారే పెట్టుకున్న పేరది. పెళ్లయ్యాక అల్లుణ్ణి నమ్మి మామగారు అతని చేతిలో పెట్టిన మొదటి ప్రాణి ఆ కుక్కే. ఇన్నాళ్లూ "ఏమండీ" తప్ప ఇంకో పిలుపుకు నోచుకోని అల్లుడికి, ఆయన చేత ఒక్కసారి "బాబూ" అనిపించుకోవాలని ప్రాణం పీకుతోంది.

వీధి చివర కుక్కల స్నానశాల ఉంది. ఎవరి కుక్కను వాళ్లే కడుక్కోవాలి. ఒక మీట నొక్కితే గోరువెచ్చటి నీళ్లు, ఇంకోటి నొక్కితే నురగ, మూడోదానికి వెచ్చటి గాలి. అల్లుడు నురగ మీట మీద వేలుంచి మరిచిపోయాడు. ఆవిరి కమ్ముకుంది. బుడగలు తాపీగా పైకి తేలాయి. ప్రతి బుడగలోనూ ఓ బుల్లి మామగారు "బాబూ" అంటున్నట్టే ఉంది. ఆ హాయికి అతని కళ్లు మూతలు పడ్డాయి.

తెరిచేసరికి నురగ జారిపోయింది. తొట్టిలో మల్లెపువ్వులాంటి తెల్లకుక్క! పక్కతొట్టిలో ఒక టైలరమ్మ రుద్దుతున్న కుక్క మాత్రం అచ్చం రాగిరంగు.

"అమ్మా, అది మాదండీ! ఈ ఆవిరిలో మారిపోయినట్టున్నాయి."

"అయ్యుంటుందండీ," అందామె ఆవలిస్తూ. "నిన్న కరెంటు లేనప్పుడు మా అన్నయ్య తన కుక్కను వదిలేసి వెళ్లాడు. నేను రంగే చూళ్లేదు."

ఇద్దరూ మర్యాదగా తాళ్లు మార్చుకున్నారు.

మధ్యాహ్నం మామగారు గుమ్మంలో అడుగు పెట్టగానే రాగిరంగు కుక్క మీదికురికి మొహమంతా నాకేసింది.

"చూశావా, నన్నెలా గుర్తుపట్టాడో! భేష్, బాబూ!" అన్నారాయన. అల్లుడు నేలకు జానెడు ఎత్తున తేలిపోయాడు.

అంతలో తెల్లకుక్క టైలరమ్మను ఈడ్చుకుంటూ వచ్చిపడింది. "మా ఇంటికి రానంటే రానందండీ! ఇక్కడికే లాక్కొచ్చింది!" అని ఆమె రొప్పుతోంది. కుక్క తిన్నగా వెళ్లి, అప్పుడే కుర్చీలో కూర్చున్న మామగారి ఒళ్లో తలపెట్టి మూలిగింది.

"ఛీ, పో! ఎవరిదీ ఊరకుక్క?" అని ఆయన తోసేశారు.

నోరు మూసుకుంటే బాబు, తెరిస్తే మళ్లీ ఏమండీ. కానీ ఆ మూలుగు వినలేక అల్లుడు నోరు తెరిచాడు. "మామయ్యగారూ, నేను స్నానానికి తీసుకెళ్లింది దీన్నేనేమోనండీ. తప్పు నాదే."

లోపల్నుంచి వచ్చిన మామగారి కూతురు కుక్క మొహాన్ని రెండు చేతుల్తో పట్టుకుని చూసింది. "వీడే మన రాగిగాడు! నాన్నా, వీడికెప్పుడైనా స్నానం చేయించావా?"

"వాడికి నీళ్లు పడవని... ఇంటికొచ్చిందగ్గర్నుంచీ..." మామగారు ఆ తెల్లటి బొచ్చును వేలితో రుద్ది చూసుకున్నారు.

ఆ రోజంతా ఆయన అల్లుణ్ణి ఒక్క మాట అనలేదు. సంజాయిషీ కుక్కకే చెప్పుకుంటూ కూర్చున్నారు.