పద్నాలుగు పసుపు బాణాలు

ఆ శనివారం ఉదయం స్కేలు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి సైకిలెక్కాలి. పాత రైలు కట్ట వెనకనున్న కంకర బాటలో పద్నాలుగు మలుపుల దగ్గర పద్నాలుగు బాణాలు గీయాలి. తొమ్మిదింటికల్లా ఇంటికొచ్చి వేడినీళ్లతో స్నానం చేయాలి. ఇందులో కొంప మునిగే సంగతి ఒక్కటైనా ఉందేమో మీరే చూడండి. అతనికీ కనిపించలేదు.

స్కేలు అంటే అతని పేరు కాదు. రోడ్ల ఆఫీసులో పద్దెనిమిదేళ్లుగా పటాలు గీసే డ్రాఫ్ట్స్‌మన్. కూరగాయల చీటీ రాసినా ప్రతి వరస కిందా స్కేలు పెట్టి గీత కొడతాడని తోటివాళ్లు ఆ పేరు తగిలించారు. రెండేళ్ల కిందట అతనికి కంకర బాటల్లో సైకిలు తొక్కే పిచ్చి పట్టుకుంది. అంటించినవాడు బావమరిది. ఈ బాటలు వానాకాలంలో బురద, ఎండాకాలంలో దుమ్ము. చలి నెలల్లోనే నేల గట్టిపడి, పొదల ఆకులు రాలి, ఎక్కడెక్కడి దారులో బయటపడతాయి. ఆ నాలుగు నెలలూ పదకొండు మంది సైకిలు మిత్రులకు వారానికో కొత్త దారి వెతికిపెట్టే బాధ్యత స్కేలుది.

చిక్కల్లా పొగమంచుతోనే. కిందటి ఆదివారం వాళ్లలో ఒక పళ్ల డాక్టరు ఒక మలుపు ముందే తిరిగి ఇటుక బట్టీలో తేలాడు. ఆయన్ని వెతికి తేవడానికి గంట పట్టింది.

"బావా, ఈ మంచులో మలుపు కనిపించి చావదు. ఏదైనా గుర్తు పెట్టరాదూ?" అన్నాడు బావమరిది.

"సున్నంతో గీస్తాలేరా."

"తెల్లారేసరికి సున్నం తడిసి కారిపోతుంది. మీ ఆఫీసు పసుపు రంగయితే రాయిలా నిలుస్తుంది."

స్టోర్ల గుమస్తా అవతల పారేసిన డబ్బాలో అడుగున అంగుళం రంగు మిగిలి ఉంది. స్కేలు దాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు. అయితే ఆఫీసులో ఒక నియమం ఉంది. ఇంజినీరు సంతకం లేకుండా ఏ ఉద్యోగీ ఏ రోడ్డు మీదా గుర్తు పెట్టకూడదు. కూతురి పెళ్లికి వచ్చే చుట్టాలకు దారి తెలియాలని ఒక బాణం గీసిన పాపానికి నిరుడు కొలతల గొలుసు పట్టే ఒక చైన్‌మన్ కొండ సెక్షనుకు బదిలీ అయ్యాడు. అక్కడికి బస్సు వారానికి రెండుసార్లు వెళుతుంది, అదీ డ్రైవరుకు బుద్ధి పుడితే. స్కేలుకు ఇదంతా తెలుసు. కానీ రైలు కట్ట వెనక ఎవరు చూడొచ్చారులే అనుకున్నాడు.

ఇంకెవరైనా అయితే నాలుగు వంకర గీతలు బరికి ముందుకు పోయేవాళ్లు. అలా బరికినా ఏ గొడవా వచ్చేది కాదు. స్కేలు చెయ్యి అందుకు ఒప్పుకోలేదు. దారం పట్టి, కొలత పెట్టి, ఆఫీసు పుస్తకంలో ఉన్నట్టే అరమీటరు బాణం గీశాడు. పక్కన గుండ్రటి సున్నా చుట్టి అందులో వరస నంబరు వేశాడు. రాళ్లున్నచోట రాళ్ల మీద, రాళ్లు లేనిచోట జనం ఇళ్ల గోడల మీద. ఒకటి నుంచి పద్నాలుగు దాకా అచ్చు గుద్దినట్టు వచ్చాయి. వేళ్లు కొంకర్లు పోయినా అతనికి మహా తృప్తిగా ఉంది.

ఆదివారం ఒక్కరూ తప్పిపోలేదు. పళ్ల డాక్టరైతే ప్రతి బాణం దగ్గరా ఆగి దణ్ణం పెట్టాడు. ఇంటికొచ్చాక భార్య అతని ఉన్ని గ్లోవు తిరగేసి చూసింది.

"ఏవండీ, దీని మీద ఈ పసుపేంటి?"

"గేటుకు రంగు వేద్దామని..."

"మన గేటు నీలం కదండీ."

సోమవారం పది గంటలకు ఆఫీసు వరండాలో ముప్పై మంది నిలబడి ఉన్నారు. ముందు ఒక రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్, చేతిలో అర్జీ. ఆవిడ లోపలికి రాగానే ఇంజినీరు కుర్చీలోంచి దిగ్గున లేచాడు. చిన్నప్పుడు ఆవిడ క్లాసులో ఆయన బెంచీ ఎక్కిన రోజులు ఇంకా మరిచిపోలేదు.

"రైలు కట్ట వెనక మా ఇళ్లు కొట్టేయడానికి గుర్తులు పెట్టించావట. నోటీసు లేదు, కబురు లేదు. పద్నాలుగు నంబర్లు వేశారు. అంటే పద్నాలుగు ఇళ్లకూ ఎసరే కదా?"

ఇంజినీరుకు తల తిరిగింది. ఆ బాట వెడల్పు చేసే ఫైలు పదకొండేళ్లుగా బీరువాలో నిద్రపోతోంది. ఎన్ని నోటీసులిచ్చినా అక్కడ ఒక్కరూ ఒక్క ఇటుక జరపలేదు. నాకు తెలీదు అందామంటే, నీ ఆఫీసులో జరిగేది నీకే తెలీదా అని ఆవిడ మళ్లీ బెంచీ ఎక్కిస్తుందని భయం. "విచారణ జరిపిస్తాను మేడమ్" అన్నాడు.

మూల బల్ల దగ్గర స్కేలుకు పై ప్రాణాలు పైనే పోయాయి. పసుపంటిన గ్లోవున్న చేతిని కోటు జేబులో కుక్కుకున్నాడు. ఇంజినీరు అతన్నే పిలిచాడు.

"ఏమయ్యా, గీతలు చూస్తే ఎవరి చెయ్యో నువ్వయితే పట్టేస్తావు. గురువారంలోగా రిపోర్టివ్వు. దొరికినవాణ్ణి ఆ సాయంత్రమే కొండ సెక్షనుకు ఎక్కిస్తాను."

"అలాగే సార్" అన్నాడు స్కేలు.

సాయంత్రం భార్య ముందు కూలబడి అంతా చెప్పాడు. ఆవిడ రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది. ఏడేళ్ల ఎదురుచూపు తర్వాత ఉద్యోగం పర్మనెంటై నాలుగు నెలలయింది.

"మీరు కొండెక్కితే నేను ఎటు పోనండీ? ఉద్యోగం మానేసి మీ వెనక రానా, పిల్లదాన్ని పెట్టుకుని ఇక్కడే ఒక్కదాన్నీ ఈదనా?" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలోనే తుడుచుకుని, "బుధవారం వెళ్లి చెరిపేయండి. ల్యాబులో పాత స్పిరిట్ ఉంది, రేపు అడిగి తెస్తాను. గుర్తే లేకపోతే రిపోర్టెందుకు?" అంది.

ఉపాయం బాగానే ఉంది. బుధవారం తెల్లారాక, ముక్కు గడ్డకట్టే చలిలో, అతను మొదటి బాణం దగ్గర సైకిలు దిగాడు. అది సరిగ్గా హెడ్మిస్ట్రెస్ గోడ మీద ఉంది. సగం చెరిగేసరికి గేటు కిర్రుమంది.

"ఎవరది?"

"రోడ్ల ఆఫీసండీ... విచారణ."

"గుర్తు చెరిపేస్తున్నావా నాయనా?"

"అవునమ్మా. పొరపాటున పడింది."

ఆవిడ మొహం విప్పారింది. పక్కింటి వైపు తిరిగి, ప్రార్థనలో పిల్లల్ని వరసలో నిలబెట్టే గొంతుతో, "వినండర్రా, నాది తీసేశారు!" అంది. అయిదు నిమిషాల్లో వీధి వీధంతా దుప్పట్లు కప్పుకుని వచ్చి అతని చుట్టూ మూగింది.

"ఆవిడదే ఎందుకు తీశారయ్యా? ఇంజినీరు ఆవిడ దగ్గర చదువుకున్నాడనా?" అన్నాడు ఎదురింటి దర్జీ.

"అందరివీ తీసేస్తానండీ, ఒక్క అరగంట ఆగండి" అన్నాడు స్కేలు.

"ఆహా! ఇవాళ గుర్తులు చెరిపి, రేపు కూల్చే మిషన్లు తెస్తారు. అప్పుడు ఏ సాక్ష్యం చూపించాలి మేము? చెయ్యి వేశావంటే ఊరుకోను."

ఒక్కో బాణం దగ్గరా ఇద్దరేసి కాపలా నిలబడ్డారు. స్పిరిట్ సీసా పట్టుకుని ఎటూ కదలలేక స్కేలు చలిలో చెమటలు కక్కాడు. అంతలో ఇంకొక ఉపద్రవం వచ్చిపడింది. పక్షపాతం అన్న నింద హెడ్మిస్ట్రెస్‌కు ములుకులా గుచ్చుకుంది.

"ఎవరికి పక్షపాతం? సొంత కొడుక్కి లెక్కల్లో రెండు మార్కులు తగ్గించి ఫెయిల్ చేసినదాన్ని నేను! నా గోడ నేనే వెనక్కి జరుపుకుంటాను. ఆ తర్వాత ఎవరు మాట్లాడతారో చూస్తాను" అంది.

అన్నంత పనీ చేసింది. మధ్యాహ్నానికి మేస్త్రీని రప్పించి, ఇటుకలు చెక్కుచెదరకుండా తీయించి, నాలుగడుగులు వెనక పేర్పించడం మొదలుపెట్టింది. అది చూసి దర్జీ ఆలోచనలో పడ్డాడు. మిషన్ వస్తే ఇటుక ఇటుకలా మిగలదు. పైగా ఆవిడ ముందు తీసికట్టు కావడం ఇష్టంలేదు. అతను కంచె పీకాడు. అతన్ని చూసి ఇంకొకరు, వాళ్లను చూసి మరొకరు. పదకొండేళ్ల నోటీసులకు కదలని గోడలు ఒక్క రోజులో కదిలాయి. పొదల చాటునుంచి ఇదంతా చూసిన స్కేలుకు ఇంటికి సైకిలు తొక్కే ఓపిక కూడా లేకపోయింది. నడిపించుకుంటూ వెళ్లాడు.

గురువారం స్కేలు జీపులో ఇంజినీరు పక్కన కూర్చున్నాడు. జేబులో రిపోర్టు ఉంది. అందులో ఒక్కటే వాక్యం, బాణాలు గీసింది నేనే అని. తన మూలంగా ఇంతమంది గోడలు పోయాక దాచడం అతనివల్ల కాలేదు. వాక్యం కింద అలవాటుగా స్కేలుతో గీత కూడా కొట్టాడు.

రైలు కట్ట దాటగానే ఇంజినీరు జీపు ఆపించాడు. బాట రెట్టింపు వెడల్పుతో కళకళలాడుతోంది. ఆయన తెరిచిన నోరు మూయలేదు. హెడ్మిస్ట్రెస్ ఎదురొచ్చింది.

"ఈ గుర్తులు పెట్టించింది నువ్వేనా, కాదా? ఇవాళ తేల్చి చెప్పు."

"సార్, ఆ బాణాలు..." అని స్కేలు జేబులోంచి కాగితం తీశాడు.

ఇంజినీరు బాట వైపు చూశాడు, జరిగిన గోడల వైపు చూశాడు, కాగితాన్ని అతని చేతిలోంచి లాక్కుని చదవకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నేనే మేడమ్. నేనే పెట్టించాను."

"శభాష్. మీ ఆఫీసు ఇన్నేళ్లలో చేసిన మొదటి శుభ్రమైన పని. గీత అంటే అలా ఉండాలి. ఇక ఈ కంకర ఎత్తేసి తారు వేయించు. మా మోకాళ్లు పోతున్నాయి" అంది ఆవిడ. చుట్టూ జనం చప్పట్లు కొట్టారు.

తిరుగు దారిలో స్కేలు ఉండబట్టలేక, "సార్, వాటిని గీసింది నేనే" అన్నాడు.

"సోమవారం సాయంత్రం వచ్చి చూసినప్పుడే తెలిసింది. అంత కచ్చితమైన బాణం ఈ జిల్లాలో ఇంకెవడికి వస్తుంది? నీ నోటితో నువ్వే ఒప్పుకుంటావేమోనని గురువారం దాకా ఆగాను."

"మరి... కొండ సెక్షనుకు ఎప్పుడు బయల్దేరాలి సార్?"

"కొండకా? నిన్ను పంపించేస్తే ఇక్కడ బాణాలెవడు గీస్తాడయ్యా?"

భార్య ఉద్యోగం, పిల్ల బడి, ఇల్లు, అన్నీ ఒక్కసారిగా వెనక్కి వచ్చి ఒళ్లో పడ్డట్టయింది. స్కేలుకు ఏడుపొచ్చినంత పనయింది. ఆ ఆనందం సరిగ్గా ఆఫీసు గేటు దాకా ఉంది. లోపలికి వెళ్లగానే ఇంజినీరు బీరువాలోంచి ఇంకొక ఫైలు తీసి దుమ్ము దులిపాడు.

"ఊరి చుట్టూ ఇలాంటి కంకర బాటలే ఇంకా తొమ్మిది ఉన్నాయి. అన్నీ ఇరుకే, ఎవరూ జరగరు. నువ్వు వెళ్లి ఒక్కొక్క దాంట్లో బాణాలు గీసిరా. ఈసారి సంతకం నాది. ఎండలు ముదిరేలోగా అన్నింటికీ తారు పడాలి."

స్కేలు జాబితా చదివాడు. చలికాలంలో మిగిలిన తొమ్మిది ఆదివారాలకు తను ముళ్లు గీరుకుంటూ, మంచులో తడుస్తూ, ఒక్కొక్కటిగా కనిపెట్టిన తొమ్మిది దారులూ అందులో ఉన్నాయి. ఒక్కటైనా తప్పిపోయిందేమోనని రెండుసార్లు చూసుకున్నాడు. తప్పిపోలేదు. అయినా సంతకం పెట్టి ఫైలు తీసుకున్నాడు.

సాయంత్రం ఇంటికి వెళుతూ సైకిలు షాపు దగ్గర ఆగి, తారురోడ్డుకు పనికొచ్చే సన్న టైర్లుంటే చూపించమన్నాడు.